ఉచిత వైద్యానికి ఛార్జీలెంత?

పొద్దున్నే ఆరున్నర, ఏడు గంటల వేళ విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో నిలబడితే ఎవరు ఏ పని మీద వచ్చారో చేతిలో సంచీ చూసి చెప్పేయొచ్చు. పెళ్లిబట్టలు కొనుక్కునేవాళ్ల సంచీలు ఖాళీగా ఉంటాయి. అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్ల సంచీలో కొబ్బరికాయ ఉంటుంది. అవనిగడ్డ, బందరు, కైకలూరు, రేపల్లె బస్సుల్లోంచి దిగి గోడ పక్కన కాసేపు ఆగేవాళ్ల చేతిలో మాత్రం పాలిథిన్ కవరు. అందులో మడతలు నలిగిన చీటీలు, ఒక ఎక్స్‌రే, సగం వాడిన మాత్రల అట్ట. రెండో చేతిలో టిఫిన్ క్యారియర్. వెంట ఇంకో మనిషి. కొడుకో, కోడలో, పొరుగింటావిడో.

ఆ వెంట వచ్చిన మనిషి గురించి ఎవరూ పట్టించుకోరు. పేదవాడికి వైద్యం అందుతుందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు ఆ రెండో మనిషి దగ్గరే తేలిపోతుంది.

లెక్క చూడండి. డాక్టరు ఫీజు తీసుకోరు, మందులూ ఊరికే ఇస్తారు. అయినా ఊరి నుంచి మండల కేంద్రానికి ఆటో, అక్కడి నుంచి బస్సు, బస్టాండు నుంచి ఆసుపత్రికి మళ్లీ ఆటో. ఇద్దరికీ భోజనం. ఇద్దరి కూలీ పోయినట్టే. పరీక్షల కాగితం సాయంత్రం వస్తుందంటే రాత్రి ఎక్కడ పడుకోవాలి? 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి ఆ ఖర్చొకటి తగ్గింది. మిగతావి అలాగే ఉన్నాయి. పల్లెల్లో 'ధర్మాసుపత్రి' అన్న మాట ఇంకా వినిపిస్తుంది. ధర్మం ఆసుపత్రి గేటు లోపల. గేటు దాకా వచ్చే ఖర్చు రోగిది.

కృష్ణా డెల్టాలో నూట నలభై ఏళ్లుగా ఎందరో ఉచిత వైద్యం చేశారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు, కెనడా నుంచి వచ్చినవాళ్లు, దేవుడే లేడన్నవాళ్లు, ఈ ఊళ్లలోనే పుట్టి పెద్ద డాక్టర్లయినవాళ్లు. వాళ్లలో ఎక్కువమందికి వైద్యం కన్నా కష్టమైంది ఒక్కటే... ఈ దూరం.

ఆసుపత్రి ఎదుట ఒక సత్రం

గుంటూరులో ఏ ఆటో అతన్నడిగినా 'కుగ్లర్ ఆసుపత్రి' దగ్గర దింపేస్తాడు. ఆ కుగ్లర్ ఎవరంటే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. ఆడవాళ్లు డాక్టరీ చదవడమే వింతగా ఉన్న రోజుల్లో, 1879లో వైద్య పట్టా అందుకున్నారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. తమాషా ఏమిటంటే, మిషన్ వాళ్లు మొదట ఆమెకు అప్పగించింది వైద్యం కాదు, బడులూ ఇళ్లలో ఆడవాళ్లకు బోధనా. అయినా డాక్టరమ్మ ఊళ్లో ఉందని తెలిశాక జనం ఆగుతారా? ఘోషాలో ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు నాడి కూడా చూపించని కాలమది. ప్రసవం అడ్డం తిరిగితే మంత్రసాని చేతిలో ప్రాణం పోవాల్సిందే. ఆమె ఇళ్లకు వెళ్లి మందిచ్చారు, తానున్న చోటికి వచ్చినవాళ్లకూ ఇచ్చారు. 1885 చివరికి మిషన్ కూడా ఆమెను వైద్యురాలిగా నియమించక తప్పలేదు. అప్పటికింకా బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెనే లేదు. అది 1893లో వచ్చింది. అదే ఏడాది గుంటూరులో ఆమె డిస్పెన్సరీకీ పని మొదలైంది. 1898 జూన్‌లో ఆసుపత్రి తెరిచారు.

ఇక్కడ ఏలూరు రాజావారి ప్రస్తావన తేవాలి. మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూర్ జమీందారు, కవి, 'మంజువాణి' పత్రిక నడిపిన సాహిత్యప్రియుడు. తన కుటుంబానికి కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆయన ఏదైనా ఇవ్వదలిచారు. ఇంకో వార్డు కట్టించి పేరు చెక్కించుకోవచ్చు. కానీ ఆసుపత్రికి ఎదురుగా సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చిన హిందూ కుటుంబాలు దిగడానికి, వండుకోవడానికి!

ఆ రోజుల్లో ఇదెంత ముందుచూపో ఆలోచించండి. మిషన్ ఆసుపత్రిలో మంచినీళ్లు కూడా ముట్టని ఇళ్లెన్నో. కూతురికి ఆపరేషన్ అవసరమని తెలిసినా, 'అక్కడ మనకు వంటెలా?' అన్న ప్రశ్న దగ్గరే బండి వెనక్కి తిరిగేది. కులం అడ్డు అన్నది నిజం. దాన్ని తిట్టడం తేలిక. రాజావారు తిట్టలేదు, దాన్ని మాన్పించనూ లేదు. గాడిపొయ్యి వెలిగించుకునే చోటు చూపించారు, తలుపు దాకా వచ్చిన రోగి లోపలికి వెళ్లింది. సంస్కరణగా ఇది చాలా చిన్నది. ప్రాణం దక్కిన ఆడమనిషికి మాత్రం ఆ లెక్కలు అక్కర్లేదు.

కుగ్లర్‌కు ప్రభుత్వం రెండుసార్లు కైజర్-ఇ-హింద్ గౌరవం ఇచ్చింది. సెలవుల మీద వెళ్లిరావడమే తప్ప ఆమె ఈ ఊరు వదల్లేదు. 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చి అప్పటికి 47 ఏళ్లు. ఆమెతో పనిచేసిన డాక్టర్ మేరీ బేర్ చీరాలలో ఆసుపత్రి నిలబెట్టారు. ఒకచోటికి అందరూ రాలేరు కాబట్టి రెండోచోటు కావాలన్నది అప్పుడే అర్థమైపోయిందన్నమాట.

కాలువల మీద మందులపెట్టె

డెల్టాను నేలమీది దారులతో చూస్తే సగమే కనిపిస్తుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి. అవి పొలాలకు నీళ్లెంతో, మనుషులకు దారీ అంతే. ధాన్యం, ఉప్పు, పెళ్లివారు... అందరూ పడవల్లోనే. గట్టు మీద మనిషి తాడు లాగుతుంటే పడవ కదిలేది. లాకుల దగ్గర నీటిమట్టం సరిచేసేదాకా గంటల తరబడి ఆగేది. పేషెంటును నులకమంచం మీద మోసుకొచ్చి పడవెక్కించడం మామూలు సంగతి. వరి మళ్ల మధ్య ఊళ్లు వానాకాలంలో దీవులే. బండి చక్రం ఇరుసు దాకా దిగబడే నల్లరేగడి.

గుంటూరు వైపు అమెరికన్లు ఉంటే, ఇవతలి ఒడ్డున కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. ఉయ్యూరులో బేతేలు ఆసుపత్రి, కొల్లేరు అవతల ఆకివీడులో మరొకటి వాళ్లవే. ఉయ్యూరులో తొలినాళ్లలో పనిచేసిన డాక్టర్ గెర్‌ట్రూడ్ హ్యూలెట్ కూడా మహిళే. ఈ మిషన్ వాళ్లు కాలువల మీద ఇంటిపడవల్లో తిరిగేవారు. నిద్ర, వంట, ప్రార్థన, మందులపెట్టె... అన్నీ పడవలోనే. మందుతో పాటు మతం మాటా వచ్చింది, అందులో దాపరికం లేదు. వాళ్లు వచ్చిందే అందుకు. విన్నవాళ్లు విన్నారు, మందు మాత్రం తీసుకుని వెళ్లినవాళ్లు వెళ్లారు. పడవ ఊరి రేవులో ఆగింది కాబట్టి ఇద్దరికీ కూలి పోలేదు.

లారీలూ బస్సులూ వచ్చాక కాలువల్లో పడవలు పోయాయి. ఆసుపత్రులు రోడ్డు మీద ఉన్నవి బతికాయి, కాలువను నమ్ముకున్న ఊళ్లు మళ్లీ దూరమయ్యాయి. ఉయ్యూరంటే ఇప్పుడు చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది గానీ ఇంటిపడవలు ఎవరికి గుర్తు?

బస్సెక్కనివ్వని రోగం

దూరం అంటే కిలోమీటర్లే కాదని చెప్పిన రోగం ఒకటుంది. కుష్ఠు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ ఎవాంజలిన్ బూత్ కుష్ఠు ఆసుపత్రి, దగ్గర్లోని నిడుబ్రోలులో అదే పేరుతో సాధారణ ఆసుపత్రి నెలకొన్నాయి. అయితే కుష్ఠు రోగి బాపట్ల దాకా వెళ్లేదెలా? వేళ్లు వంకర్లు పోయిన మనిషిని బస్సులో పక్కన కూర్చోనివ్వరు. బండి తోలేవాడు ఎక్కించుకోడు. వెంట వచ్చే రెండో మనిషి కూడా ఉండడు. ఇంట్లోవాళ్లే వెలేశారు మరి. అసలు రోగం బయటపడితే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని దాచుకునేవాళ్లు మరెందరో.

అందుకే తెనాలి మోరిస్‌పేట కేంద్రంగా సాగిన గ్రేటర్ తెనాలి కుష్ఠు చికిత్సా పథకం లాంటివి తల్లకిందులుగా ఆలోచించాయి. రోగి రావడం కాదు, మనమే వెళ్లాలి. ఇల్లిల్లూ తిరిగి ఒంటి మీద పాలిపోయిన, స్పర్శ లేని మచ్చలు వెతకాలి. పాఠాలు చెప్పాలి. మందివ్వాలి. సర్వే, ఎడ్యుకేషన్, ట్రీట్‌మెంట్... ఈ మూడు మాటల పద్ధతి దేశమంతటా నడిచింది. వైద్య సహాయకుడు సైకిలెక్కి, ఫలానా వారం ఫలానా చెట్టు కింద అని చెప్పి, ఆ వేళకు అక్కడ ఉండేవాడు. మొదట్లో డాప్సోన్ మాత్ర ఏళ్ల తరబడి మింగాలి. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక అది నెలల్లోకి దిగింది. 2005 చివరికి కుష్ఠు పదివేల మందిలో ఒకరి కన్నా తక్కువకు చేరిందని దేశం ప్రకటించుకుంది. రోగం పూర్తిగా పోలేదు, కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు చెట్టు కింద కూర్చున్న సైకిలు మనిషి పేరు మాత్రం ఏ శిలాఫలకం మీదా దొరకదు.

దివిసీమ

విజయవాడ నుంచి అవనిగడ్డ అరవై కిలోమీటర్ల పైమాటే. పులిగడ్డ అక్విడక్టు దాటితే దివిసీమ. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే మధ్య నేల. అవనిగడ్డ దాటి నాగాయలంక, అక్కడి నుంచి సొర్లగొంది. ఆ తర్వాత మడ అడవులు, ఉప్పునీళ్లు.

1977 నవంబరు 19. శనివారం. ఆ రోజు ఉప్పెన తాటిచెట్ల ఎత్తున వచ్చిందని చెప్పుకుంటారు. లెక్కలు కట్టినవాళ్లు ఐదు మీటర్లన్నారు. పదివేల మందికి పైగా పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లకు తాగడానికి నీళ్లు లేవు, బావుల నిండా ఉప్పు. చుట్టూ మనుషులవీ పశువులవీ కళేబరాలు. అంటురోగాల భయం. ఇక్కడికి ఎవరు రాలేదు గనక! చర్చిల వాళ్లు, రామకృష్ణ మిషన్ వాళ్లు, సంఘ్ కార్యకర్తలు, వైద్య విద్యార్థులు. విజయవాడ పటమట నుంచి నాస్తిక కేంద్రం వాళ్లూ. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి 1947లో విజయవాడకు మార్చిన కేంద్రమది. ఉప్పెన వచ్చేనాటికి గోరా లేరు, 1975లోనే పోయారు. ఆయన పిల్లల్లో సమరం, మారు డాక్టర్లు. సమరంగారి పేరు తర్వాత తెలుగు పత్రికల ఆరోగ్య శీర్షికలు చదివిన ప్రతి ఇంటికీ తెలుసు. దేవుడి పేరు మీద వచ్చినవాళ్లు, దేవుడు లేడని వచ్చినవాళ్లు ఒకే బురదలో మోకాళ్ల దాకా దిగి టీకాలు వేయించారు, నీళ్లలో క్లోరిన్ కలిపించారు. ఆ కొద్ది వారాలు దివిసీమకు దూరం లేదు. లోకమే అక్కడికి వచ్చింది.

తర్వాత అందరూ వెళ్లిపోయారు. అది తప్పేం కాదు, ఉపద్రవానికి వచ్చినవాళ్లు ఉండిపోరు. కానీ దివిసీమకు అసలు బాధ మామూలు రోజులది. 2018 ఆగస్టులో అది లోకానికి మళ్లీ తెలిసింది. నాట్ల వేళ కాలువ గట్ల మీద, వరి చేలల్లో పాములు. వారాల వ్యవధిలో వందకు పైగా కాట్లు. అవనిగడ్డ ఆసుపత్రి మంచాలన్నీ కూలీలే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. టీవీల్లో దానిమీద చర్చలు హోరెత్తాయి. యాగం చేయాలా వద్దా అని వాదించినవాళ్లలో చాలామందికి పాముకాటు లెక్క నిమిషాల్లో ఉంటుందన్న ధ్యాస లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి... ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది. అది విజయవాడలో ఉంటే చాలదు. నాటు వేస్తున్న చేనుకు దగ్గరలో, చల్లగా పనిచేసే ఫ్రిజ్‌లో ఉండాలి. పక్కన ఎక్కించడం తెలిసిన చేయి ఉండాలి. మంత్రం వేసేవాడు ఊళ్లోనే ఉంటాడు, డాక్టరు ఉండడు. జనం ముందు ఎవరి దగ్గరికి పోతారో వేరే చెప్పాలా?

ఇదే మాట ఆర్‌ఎంపీలకూ వర్తిస్తుంది. చదువుకున్నవాళ్లు వాళ్లను ఎంత ఎగతాళి చేసినా, రాత్రి పదింటికి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే. ఇంజెక్షన్ వేసి, డబ్బులు కోతలయ్యాక ఇమ్మంటాడు. అక్కర్లేని సెలైన్లు పెట్టడం, కమీషన్ ఇచ్చే ఆసుపత్రికే పంపడం కూడా ఆ కథలో భాగమే. వారానికోసారి వచ్చే ఉచిత వైద్యశిబిరం ఆయనతో పోటీ పడలేదు. శిబిరానికి మంగళవారం ఉంటుంది, జ్వరానికి వారం ఉండదు.

పండేదాకా ఆగమన్న కన్ను

డెల్టా పల్లెల్లో ఉచిత వైద్యమంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది కంటి శిబిరమే. ఒకప్పుడు హైస్కూలు గదుల్లో బెంచీలు జరిపి ఆపరేషన్లు చేసేవారు. శుక్లం 'పండాలి', అప్పుడే తీయాలి అనేవారు. పండేదాకా ముసలమ్మ గోడ పట్టుకుని నడవాలి. తీశాక సోడాబుడ్డి అద్దాలు. అవి పగిలితే మళ్లీ చీకటే. కంటి లోపలే లెన్సు అమర్చడం వచ్చాక పండేదాకా ఆగాల్సిన పని పోయింది. బడిగదుల్లో కోతలకూ ఇన్‌ఫెక్షన్ల భయంతో కాలం చెల్లింది. కానీ 'ఇంకా పండలేదులే' అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ పోలేదు.

ఆపరేషన్ ఊరికే చేస్తామంటే జనం పరుగెత్తుకొస్తారనుకుంటాం. రారు. మదురై దగ్గర పల్లెల్లో చేసిన ఒక పరిశీలన 1999లో వెలువడింది. కళ్ల బాధ ఉన్న పెద్దవాళ్లలో ఉచిత శిబిరానికి వచ్చింది నూటికి ఏడుగురే! మిగతావాళ్లు ఎందుకు రాలేదంటే... భయం, ఖర్చు, ఇంట్లో పనులు. మన డెల్టాకు ఇంకో చిక్కుంది. జులై, ఆగస్టుల్లో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. తీసుకెళ్లే మనిషికి తీరిక ఉండదు. కాలువలు కట్టేసిన వేసవిలో తీరికే, కానీ 'ఎండల్లో కన్ను కోయించుకుంటే కుదురుకోదు' అని పెద్దవాళ్ల పట్టుదల. ఈ రెంటి మధ్యా మిగిలేవి సంక్రాంతి తర్వాతి కొద్ది వారాలు.

విజయవాడ, గుంటూరు మధ్య పెదకాకానిలో 2004లో వచ్చిన శంకర కంటి ఆసుపత్రి ఆ రెండో మనిషి అవసరమే లేకుండా చేయాలని చూసింది. ఊళ్లో శిబిరం పెట్టి పరీక్ష చేస్తారు. ఆపరేషన్ కావాల్సినవాళ్లను తమ బస్సులోనే ఎక్కించుకుంటారు. మంచం, భోజనం, ఆపరేషన్ అక్కడే. మళ్లీ ఊళ్లో దింపుతారు. కొడుక్కి పని పోదు, కోడలు పసిపిల్లాడిని ఎవరికీ అప్పగించక్కర్లేదు. ఫీజు ఇవ్వగలిగినవాళ్ల నుంచి వచ్చే డబ్బూ, విరాళాలూ ఈ బస్సుల్ని నడుపుతాయి. ఆసుపత్రి గొప్పతనమంటే డాక్టర్లనే చూస్తాం గానీ, ఇక్కడ డ్రైవరూ వంటమనిషీ కూడా చికిత్సలో భాగమే.

ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి దారి వేరు. కృష్ణా జిల్లాలో పుట్టి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా ఉద్యోగం వదిలి వచ్చి, సినీ నిర్మాత ఎల్‌వీ ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతో 1987లో హైదరాబాద్‌లో దాన్ని ప్రారంభించారు. 2011లో విజయవాడ శివారు తాడిగడపకు వచ్చింది. ఈ సంస్థ ఒక మెట్ల లెక్క వేసుకుంది. 50 వేల జనాభాకు ఒక చిన్న విజన్ సెంటర్, 5 లక్షల మందికి ఆపరేషన్లు చేసే ఒక చిన్న ఆసుపత్రి, 50 లక్షల మందికి తాడిగడప లాంటి పెద్దది. అన్నిటికన్నా కిందిదే అన్నిటికన్నా తెలివైంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే చదువుకున్న అమ్మాయికో అబ్బాయికో ఏడాది శిక్షణనిచ్చి కూర్చోబెడతారు. కళ్లు పరీక్షించి అద్దాలిస్తారు, తమ వల్ల కానిదాన్ని పైమెట్టుకు పంపుతారు. కంటిచూపు కోసం వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది అద్దాలే. బియ్యంలో రాయి ఏరలేక, సూదిలో దారం ఎక్కించలేక బాధపడే నలభై ఏళ్ల మనిషికి విజయవాడ ఎందుకు?

కార్డు వచ్చాక

2005లో 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ, ఆ మరుసటేడు 104 సంచార వైద్యం. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 1,088 కొత్త 108, 104 వాహనాలు వరసగా కదిలాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆరోగ్యశ్రీ పేరు మారుతోంది, కార్డు మాత్రం మిగిలింది. గుండె ఆపరేషన్‌కు ఇదివరకు ధర్మదాతను వెతుక్కున్నవాళ్లు కార్డు పట్టుకుని సూర్యారావుపేట కార్పొరేట్ ఆసుపత్రిలోకే వెళ్తున్నారు. అలా వెళ్లగలగడం మంచిదే. దయ కన్నా హక్కు మేలు. పాత మిషన్ ఆసుపత్రులు తమ పని తగ్గిందని బాధపడితే పడొచ్చు, రోగి బాధపడడు.

కానీ కార్డు ప్రధానంగా మంచం ఎక్కినవాడికి. బీపీ, షుగర్ మనిషిని మంచం ఎక్కించవు, నెలనెలా మాత్ర అడుగుతాయి. 104 బండి వచ్చే రోజు కూలికి పోయినవాళ్లకు నెల మాత్రలు తప్పుతాయి. ఆసుపత్రిలో ఇచ్చింది పదిహేను రోజులకు సరిపోతే, మిగతా పదిహేను రోజులు రోజు విడిచి రోజు మింగి సరిపెట్టేవాళ్లున్నారు. 'బాగానే ఉందిగా, ఆపేశా' అనేవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్లే కొన్నేళ్లకు పక్షవాతంతోనో కిడ్నీలు చెడిపోయో, ఈసారి కార్డుతో, పెద్దాసుపత్రికి వస్తారు. అప్పుడు ఖర్చు లక్షల్లో, ప్రభుత్వానిది. మొదట్లో తప్పిపోయింది కొన్ని మాత్రలు, ఒక పూట.

ఊళ్లో మిగిలిన చిన్న ఉచిత వైద్యశాలలకు ఇప్పుడు పనున్నది ఇక్కడే. విశ్రాంత డాక్టరు సాయంత్రం గుడి పక్క గదిలో కూర్చునే చోట, చర్చి ఆవరణలో నర్సు బీపీ చూసే చోట, అమెరికాలో స్థిరపడినవాళ్లు సొంతూళ్లో పెట్టించిన రెండు గదుల క్లినిక్కులో. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పాత చీటీ చూసి, 'పోయిన నెల రాలేదేం పెద్దమ్మా?' అని అడిగే మనిషి ఉండాలి. పెద్దమ్మ పని నుంచి తిరిగొచ్చే వేళకు, అంటే సాయంత్రం ఆరు దాటాక, ఆ గది తెరిచి ఉండాలి. చాలావాటి బోర్డు మీద ఇప్పటికీ ఉదయం 10 నుంచి 1 వరకు అనే ఉంటుంది.